ఒక్క చెవితో ఎంచిన జత

మా మామగారు పోయారన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. ఆఫీసు నుంచి ఇంటికి వస్తున్నాను. ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర వాన, కదలని బస్సు. కింద వాటాలో ఉండే బెంగాలీ ఆవిడ, మేమంతా పిన్నీ అన్నట్టు మాషీమా అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసింది. ఎప్పుడూ వీధంతా వినబడేలా మాట్లాడే మనిషి, ఆ రోజు చాలా మెల్లగా "బౌమా, తాడాతాడి ఎషో" అంది. కోడలా, తొందరగా రా అని. ఆ మెల్లని గొంతుతోనే నాకు అర్థమైపోయింది, ఎందుకని అడగలేదు. బస్సు దిగి వానలోనే నడిచాను.

నేను వెళ్ళేసరికి ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టే పడుకుని ఉన్నారు. గుండె ఆగిపోయిందని అప్పటికే డాక్టరు చెప్పి వెళ్ళాడట. మా అత్తమ్మ మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి తలెత్తింది.

"టీ ఎట్టమంటావా అనడిగితే పలకలేదమ్మీ. ఇనబడలేదేమో అని ఇటుపక్కకొచ్చి మళ్ళీ అడిగినాను" అంది.

ఇటుపక్క అంటే ఎడమపక్క. మా మామగారికి కుడిచెవి వినబడదు. మా అత్తమ్మకి కళ్ళు కనబడవు. వాళ్ళిద్దరూ కలిసి ఇంట్లోకి పాటలు వినడానికి స్పీకర్లు ఎంచిన కథ మీకు చెప్పాలని ఉంది. ఆయన గురించి ఇంకేం చెప్పినా ఆయన సరిగ్గా తెలియరు మరి.

మామగారి తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ బెంగాలీ ఊరి మునిసిపాలిటీలో చేరాడు. ఈయన ఇక్కడే పుట్టి, ఇక్కడే మురుగునీటి పంపుహౌసులో పనిచేసి రిటైరయ్యారు. వానాకాలంలో వీధులు మునగకుండా నీళ్ళు తోడి పోసే పంపులు అవి. రాత్రనక పగలనక వాటి పక్కనే గడిపితే కుడిచెవి పోయింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో బాధ ఉండేది కాదు. "ఊరి నీరంతా తోడీసినాము. ఒక చెవి అక్కడ ఒగ్గీసి వొచ్చినాను" అనేవారు, గొడుగు మరిచిపోయి వచ్చినట్టు.

నేను వరంగల్ వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. కొత్తలో మా ఇద్దరి తెలుగూ కలిసేది కాదు. నేనేం చెప్పినా ఆయన "ఏటి?" అనేవారు. వినబడలేదనుకుని నేను గొంతు పెంచి మళ్ళీ చెప్పేదాన్ని. ఆయన మళ్ళీ "ఏటి?" అనేవారు. ఇంకా గట్టిగా అరిచేదాన్ని. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు నవ్వుతూ అన్నారు.

"అమ్మీ, నాకు ఈ చెవి బాగానే ఉన్నాది. నువ్వు దీన్ని కూడా పంపుహౌసుకి పంపించీకు. నీ మాట ఇనబడతన్నాది, బోధపడ్డం లేదు, అంతే."

ఆ రోజు నుంచి మేమిద్దరం స్నేహితులం.

మా అత్తమ్మ చూపు ఒక్కసారిగా పోలేదు. నీటికాసులు. పక్కలనుంచి చీకటి కమ్ముకుంటూ వచ్చి, చివరికి వెలుతురుందో లేదో తెలిసేటంత మాత్రం మిగిలింది. ఉన్నంత కాపాడగలం గానీ పోయినది తిరిగి రాదని డాక్టర్లు చెప్పేశారు. అంతకుముందు ఆవిడ క్షణం ఊరుకునే మనిషి కాదు. వీధిలో బెంగాలీ ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆవిడే కుట్టేది. చేపలవాడితో బేరం ఆవిడే. చూపు తగ్గాక మెట్ల మీద ఒకసారి జారి పడింది. ఆ తరువాత ఇంట్లోంచి బయటికి రావడం మానేసింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉండేది. పిలిస్తే పలికేది. పిలవకపోతే లేదు.

పాటలు వింటే బాగుంటుందని నా ఫోన్‌లో పెట్టి పక్కన ఉంచాను. కాసేపు విని, "ఆపీ అమ్మీ. పాపం, అందర్నీ ఒక అగ్గిపెట్టెలో ఎట్టి పాడించినట్టున్నాది" అంది.

ఆ మాట మామగారు విన్నారు. ఆ ఆదివారం నేను కూరగాయలు తరుగుతుంటే వచ్చి, ఎడమచెవి నావైపు తిప్పి కూర్చున్నారు. ఆయన ముఖ్యమైన మాట అడగబోతున్నారంటే అదే గుర్తు.

"అమ్మీ, పెద్దోళ్ళ ఇళ్ళల్లో పాటల మిషన్లుంటాయి గదా. ఒక డబ్బా, రెండు పక్కలా రెండు స్పీకర్లు. రెండెందుకే?"

నాకు తెలిసినంత చెప్పాను. మనకి రెండు చెవులు కాబట్టి శబ్దం ఏ వైపు నుంచి వస్తుందో తెలుస్తుంది మామయ్యా, రెండు స్పీకర్లు సరిగ్గా పెడితే వీణ ఒకవైపు, మృదంగం ఒకవైపు, పాడే మనిషి మధ్యలో ఉన్నట్టు అనిపిస్తుంది అన్నాను. ఆయన కుడిచెవి ఒకసారి తడుముకున్నారు.

"నాకయితే ఒకటైనా, రెండైనా ఒకటే" అన్నారు. "దానికి రెండు చెవులూ బాగున్నాయి గదా. కళ్ళ పని చెవులకి ఇద్దాం."

మా ఆయనకి షాలిమార్ గూడ్స్ యార్డులో ఉద్యోగం, ఆదివారాలు కూడా డ్యూటీ పడుతుంది. అందుకని మామగారూ నేనూ వెళ్ళాం, ఈ ఊళ్ళోనే ఉన్న చాందినీ చౌక్‌కి. ఆ వీధుల్లో పాత రేడియోల దగ్గర్నుంచి కొత్త ఆంప్లిఫయర్ల దాకా దొరకని సామాను లేదు. మూడు నాలుగు కొట్లు తిరిగాక మెట్లెక్కి వెళ్ళే ఒక చిన్న గది మాకు నచ్చింది. కొట్టతను వయసుమళ్ళిన బెంగాలీ, ఓపికస్తుడు. ముందు కూర్చోబెట్టి టీ తెప్పించి, గది ఎంతుంటుందని అడిగాడు. మామగారు ఆ మాట పట్టించుకోలేదు. ఆయన చూపు అప్పటికే మూలన నిలబెట్టి ఉన్న రెండు పెద్ద స్పీకర్ల మీద పడింది. మనిషి నడుమెత్తు ఉన్నాయి. పాట పెట్టగానే ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు.

"ఇక్కడ తగులతన్నాది అమ్మీ! ఇదీ పాటంటే!"

నేను కాదనలేకపోయాను. ఆయన అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు. నచ్చకపోతే వెనక్కి తెచ్చేయమని కొట్టతను చెప్పి పంపాడు.

మా ముందుగదిలో మంచం, బీరువా, వంటసామాను అల్మరా పోగా మిగిలే జాగాలో ఆ రెండూ గోడకి ఆనుకుని నిలబడ్డాయి. పాట మొదలయ్యింది. అల్మరాలో స్టీలు గిన్నెలన్నీ గలగలమన్నాయి. పాడేది ఎవరో, ఏం పాడుతున్నారో తెలియలేదు. గదంతా ఒకటే హోరు. కింద నుంచి మాషీమా ఏమైందని కేకేసింది. మా అత్తమ్మ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని అంది:

"ఓలమ్మో, పంపుహౌసు ఇంటికి తెచ్చీసినాడు!"

నేను పాట ఆపేశాను. మామగారు పగలబడి నవ్వారు. అత్తమ్మ కూడా నవ్వింది. ఆవిడ నవ్వగా నేను ఎన్నాళ్ళకి విన్నానో!

మరుసటి ఆదివారం స్పీకర్లు వెనక్కి వెళ్ళాయి. కొట్టతను కోప్పడలేదు. గది చిన్నదైతే స్పీకరూ చిన్నదే కావాలి దాదా, గోడకి ఆనిస్తే ఏదైనా హోరు పెడుతుంది అని చెప్పి, బెంగాలీలో ఒక మాట అడిగాడు. "వినేది ఎవరు?"

"నా భార్య" అన్నారు మామగారు.

"అయితే ఆవిడని తీసుకురండి."

అసలు కష్టం అక్కడే వచ్చింది. అత్తమ్మ రానంది. ఎంత బతిమాలినా రానంది. మెట్ల మీద పడిన రోజు గుర్తొచ్చిందో, వీధిలో అందరూ తన కర్రని చూస్తారనుకుందో.

"కళ్ళు లేని దాన్ని. దుకాణంలో నాకేటి పని? ఏటి సూడ్డానికి?"

"సూడ్డానికి కాదే, ఇనడానికి" అన్నారు మామగారు. "నాకు ఒక చెవే ఉన్నాది. ఏ స్పీకరు మంచిదో కాదో నాకు తెల్దు. నువ్వు రాకపోతే ఈ పని నా వల్ల కాదు."

ఆయన ఆవిడకి తోడొస్తానని అనలేదు. తనకి తోడు రమ్మని అడిగారు. ఆవిడ కొంతసేపు చీర కొంగు నలుపుకుంటూ కూర్చుంది. తరువాత, "ఆ నీలం చీర తియ్యి అమ్మీ" అంది నాతో.

మెట్లు దిగుతుంటే ఆయన ముందు, నేను వెనక. టాక్సీలో ఆవిడ కిటికీ దించమంది. గాలి ముఖానికి తగులుతుంటే, ఇది ఫలానా సెంటరు, ఇది ఫలానా మలుపు అని తనే చెబుతూ వచ్చింది. దాదాపు అన్నీ సరిగ్గానే చెప్పింది.

కొట్టతను ఆవిడని రెండు స్పీకర్ల ముందు, సరిగ్గా మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. వీణ, మృదంగం తోడుగా ఒకావిడ పాడుతున్న కచేరీ పెట్టాడు. అత్తమ్మ తల వంచుకుని వింది. మామగారు పాట వినడం లేదు. ఆవిడ ముఖమే చూస్తున్నారు. కాసేపటికి ఆవిడ చెయ్యి లేచింది. వేలు మెల్లగా ఎడమవైపు చూపించింది.

"వీణ ఇక్కడ."

వేలు కుడివైపు కదిలింది.

"మద్దెల ఇటు. కొంచెం ఎనకాల కూకున్నాడు."

వేలు మధ్యలో ఆగింది.

"ఈవిడ నాకెదురుగా ఉన్నాది."

మామగారు వంగి, "ఎంత దూరం?" అని అడిగారు. చాలా నెమ్మదిగా అడిగారు.

"అల్లదిగో, మన గుమ్మం అంత దూరం."

కొట్టతను జతలు మార్చాడు. ఒక జత వినగానే అత్తమ్మ "ఈవిడకి జలుబు చేసినాది" అంది. ఇంకొకటి నాకు ఎంతో బాగుందనిపించింది, ప్రతి శబ్దమూ మెరుస్తోంది. ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చుకున్నదీ అదే. అత్తమ్మ పాట సగంలోనే తల తిప్పేసుకుంది. "బాగున్నాది గానీ పళ్ళ సందుల్లోంచి పాడతన్నాది. రోజూ ఇనలేం." చివరికి పెట్టినవి చిన్నవి, చెక్క రంగువి, చూడటానికి ఏ గొప్పా లేనివి. వాటిముందు ఆవిడ పాటంతా వింది. అయిపోయాక కూడా కదల్లేదు.

"ఏటంటావు?" అన్నారు మామగారు.

"ఈవిడని ఇంటికి తీసుకెళ్దాం" అంది.

తరువాత ఆయన ఆ సంగతి ఎవరికి చెప్పినా ఒకటే మాట అనేవారు. "మొదటిసారి ఇని అదిరిపోయేది కాదు బాబూ. దినదినమూ ఇంట్లో ఉన్నా బరువనిపించనిది సూసుకోవాలి." మా ఆయనతో అన్నప్పుడు మాత్రం, కోడల్ని ఎంచిందీ అలాగే అన్నట్టు నావైపు చూసి నవ్వారు.

ఇంట్లో వాటికి చోటు కుదర్చడానికి మంచం జరిగింది, బీరువా లోపలిగదికి పోయింది. అత్తమ్మ కూర్చుంటే ఆవిడ చెవి ఎంతెత్తులో ఉంటుందో కొలిచి, అదే ఎత్తుకి రెండు ముక్కాలిపీటలు చేయించారు. గోడకీ స్పీకరుకీ మధ్య పిల్లి దూరేంత సందు వదిలారు. వీధి పిల్లి ఒకటి నిజంగానే దూరి పడుకునేది కూడా.

ఆ తరువాత మా సాయంకాలాలు మారిపోయాయి. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తమ్మ మధ్యలో, మామగారు ఆవిడ కుడిచేతి పక్కన ఉండేవారు, మంచిచెవి ఆవిడవైపు ఉండేలా. ఆయన అడుగుతూ ఉండేవారు. "ఇప్పుడెవరొచ్చినారు?" ఆవిడ చెప్పేది. "పిల్లనగ్రోవి. ఆ మూలన." "మరి ఆ డోలు?" "అది ఇందాకటి చోటే." రేడియోలో క్రికెట్ పెట్టినా, బెంగాలీ నాటకం పెట్టినా ఇదే వరస. మాషీమా మరమరాలు పట్టుకుని వచ్చి కూర్చునేది. తలుపు ఎటుపక్క చప్పుడైందో, దొంగ ఎటు పరిగెత్తాడో అత్తమ్మ అందరికీ చెప్పేది. ఆ మాటల్లో ఆవిడ పాత గొంతు తిరిగి వచ్చింది. కొన్నాళ్ళకి చేపలవాడితో బేరానికి గుమ్మం దాకా వెళ్ళింది. తరువాత వీధిలోకి కూడా.

ఒకసారి ఆయన్ని అడిగాను. "మామయ్యా, మీకు నిజంగ ఏం వినిపిస్తది?"

"పాట ఇనబడతాది అమ్మీ. కొలువు ఇనబడదు. ఎవరెక్కడ కూకున్నారో ఆ కొలువు మీ అత్త చెప్తాది." అత్తమ్మ కుర్చీ వైపు చూసి, "నాకు అంతే సాలు. నిజం చెప్పాలంటే, పాట కన్నా అదే బాగుంటాది" అన్నారు.

ఆయన పోయిన తరువాత ఇల్లు చుట్టాలతో నిండి, ఖాళీ అయ్యింది. స్పీకర్లని ఎవరూ ముట్టుకోలేదు. అత్తమ్మ అడగలేదు. నాకు మాత్రం ఆఫీసు నుంచి వస్తూ మా వీధి మలుపు తిరిగేసరికి చెవులు నిక్కబొడుచుకునేవి. పై అంతస్తు నుంచి "ఏటి? ఏటన్నావు?" అనే ఆ గొంతు కోసం. బస్సులో ఎవరైనా పెద్దాయన "ఏటి" అంటే చాలు, తల తిప్పి చూసేదాన్ని. ఈ ఊళ్ళో ఆ మాట అనే తెలుగువాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఒక్కరూ ఆయనలా అనరు.

మొన్న ఒక సాయంత్రం ముసురు పట్టింది. అత్తమ్మ ఉన్నట్టుండి, "ఎట్టు అమ్మీ, ఏదో ఒకటి" అంది. పెట్టాను. వీణ మొదలయ్యింది. ఆవిడ ఏమీ చెప్పలేదు. ఎడమవైపు ఎవరున్నారో అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ ప్రశ్న నాది కాదనిపించి ఊరుకున్నాను.

కొంతసేపటికి ఆవిడ కుర్చీలోంచి లేచింది. గోడ పట్టుకోకుండా, శబ్దం వచ్చే వైపే నడిచింది. స్పీకరు దగ్గర ఆగి, దాని ముందున్న పలచటి గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది. పాటకి ఆ గుడ్డ సన్నగా వణుకుతోంది. ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. బయట వెలుతురు తగ్గిపోతోంది. నేను దీపం వేయలేదు. నిద్రపోతున్న మనిషి ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి చూసుకుంటున్నట్టు, ఆవిడ అలాగే నిలబడి ఉంది.