సెలవు మీద నేనిచ్చిన సాక్ష్యం

ఆ రోజుల్లో, అంటే కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో నా మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, మనుషులు పొరబడతారు గానీ మెషీన్ పొరబడదని నాకు గట్టి నమ్మకం ఉండేది. తెర మీద కనిపించిందే నిజం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నమ్మకం ఎంత హాయిగా ఉండేదో అనిపిస్తుంది. తప్పు ఎవరిదో పది నిమిషాల్లో తేల్చేసి తృప్తిగా భోజనానికి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు అదే పనికి నాకు మూడు రోజులు పడుతుంది, తేల్చాక కూడా మనసు కుదుటపడదు. దీన్నే అనుభవం అంటారట.

మా కంపెనీ పెద్ద పెద్ద ఆఫీసులవాళ్ళు ఫైళ్ళు దాచుకునే పెట్టెలు తయారుచేసేది. (అమ్మకి ఫోన్‌లో ఇలాగే చెప్పాను. "బీరువాలా?" అంది. అవుననేశాను.) ఆ పెట్టెలో మేమే రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ నడిచేది. దాని గుండెకాయని కెర్నల్ అంటారు. అది కూలిందంటే పెట్టె మొత్తం కూలినట్టే. పోయేముందు తన మెమరీలో ఉన్నదంతా ఒక ఫైల్లో వదిలి పోతుంది. ఆ ఫైల్‌ని డీబగ్గర్ అనే ప్రోగ్రాంలో తెరిచి, ఎక్కడ కూలిందో చూడడం మా పని. చిక్కేమిటంటే కెర్నల్‌కి పేర్లు తెలియవు, ఫలానా నంబరు దగ్గర పడిపోయానని మాత్రం చెబుతుంది. ఆ నంబరుని పేరుగా మార్చడానికి సింబల్ టేబుల్ అని ఒక జాబితా ఉంటుంది. ఏ ఫంక్షన్, అంటే ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్క, ఏ నంబరు దగ్గర మొదలవుతుందో అందులో రాసి ఉంటుంది. డీబగ్గర్ అందులో వెతికి, మనమిచ్చిన నంబరుకి ముందు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న పేరు పట్టుకుని, "ఈ పేరు, ప్లస్ ఇంత దూరం" అని జవాబిస్తుంది. నేను పేరు దగ్గరే ఆగిపోయేదాన్ని. ఆ ప్లస్ తర్వాతి అంకె ఏదో మర్యాద కోసం రాస్తుందనుకునేదాన్ని.

మా టీమ్‌లో ఇంకో తెలుగాయన ఉండేవారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నరసాపురం వైపు మనిషి. మేమిద్దరం ఒకే తెలుగు చర్చికి వెళ్ళేవాళ్ళం కాబట్టి ఆఫీసులో కూడా ఆయన నాకు అన్నయ్యే. చర్చిలో కుర్రకారు ఆయనకి ముగింపు ప్రార్థన అన్నయ్య అని పేరు పెట్టారు, ఆయన ముగింపు ప్రార్థన మొదలుపెడితే బయట బిర్యానీ చల్లారిపోయేది. ఆఫీసులో మాత్రం రోజుకి నాలుగు మాటలకు మించి మాట్లాడేవారు కాదు. నాకు డీబగ్గర్ వాడడం నేర్పింది ఆయనే. (ప్లస్ తర్వాతి అంకె గురించి కూడా చెప్పే ఉంటారు. నేను వినలేదు.)

ఆయన రాసిన ఫంక్షన్లలో ఒకదాని పేరు సెలవు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా అచ్చ తెలుగు మాటే. పని అయిపోయిన మెమరీని సాగనంపే ఫంక్షన్ కాబట్టి అంతకంటే మంచి పేరు దొరకదు. కానీ మా మేనేజర్ దాన్ని సెలవీ అని పలికేవాడు. అదేదో ఫ్రెంచ్ మాటని, అన్నయ్యకి స్పెల్లింగ్ రాలేదని ఆయన అభిప్రాయం. ప్రతి వాక్యాన్నీ "ఓకే, సో" అని మొదలుపెడతాడు కాబట్టి ఈ మేనేజర్ని మేము ఓకేసో గారు అనుకునేవాళ్ళం.

నా ఫంక్షన్లకి అంత అందమైన పేర్లు ఉండేవి కావు. పైగా ప్రతిదాని ముందూ స్టాటిక్ అన్న మాట తగిలించేదాన్ని. అది ఉంటే ఆ పేరు ఆ ఫైలు గడప దాటి బయటకి రాదు. కస్టమర్‌కి పంపే బిల్డ్‌లో, అంటే తయారైన ప్రోగ్రాంలో, జాబితా చిన్నగా ఉండాలని అలాంటి లోపలి పేర్లన్నీ తీసేస్తారు కూడా. "ఆఫీసులో నీ పేరు పైకి రానివ్వకు, కళ్ళు పడతాయి" అని అమ్మ విమానం ఎక్కించేటప్పుడు చెప్పిన మాటని నేను అలా ఆచరణలో పెట్టాను. "ఆయ్, మంచి అలవాటే" అని అన్నయ్య మెచ్చుకున్నారు.

ఒక గురువారం, పెద్ద కస్టమర్ దగ్గర పెట్టె కూలింది. ఫైల్ నా చేతికిచ్చారు. నంబరు కొట్టాను. డీబగ్గర్ తడుముకోకుండా సెలవు అని చెప్పింది, దాని వెనక ప్లస్ ఏదో ఉంది. రెండింటికి మీటింగ్. ఓకేసో గారు ఎక్కడ పోయిందని అడగ్గానే, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు "ఇట్స్ ఇన్ సెలవు" అన్నాను. గదిలో అందరి చూపులూ అన్నయ్య మీదకి తిరిగాయి. ప్రపంచంలో ఆ పేరు పెట్టగలిగేది ఆయనొక్కడే మరి. ఆయన నా లాప్‌టాప్ తెర వైపు ఒకసారి చూసి, "ఐ విల్ చెక్" అని మాత్రం అన్నారు. ఆయన మొహం చూసినప్పుడు కూడా నాకు నా పని తొందరగా చేశానన్న గర్వమే కలిగింది. అది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ సాయంత్రం తెలిసింది. ఆ ఏడాది అప్పటికే రెండు పెట్టెలు కూలాయి, రెండిటికీ మాట పడింది ఆయనే. ఇంకొకటి అయితే ఉద్యోగం ఉండదని ముందే చెప్పారట. సోమవారం పదింటికి హెచ్ఆర్ మీటింగ్ పెట్టారు. ఆయనకి గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదా ఇల్లు సర్దుకుని ఇండియా వెళ్ళిపోవాలి. కూతురు ఇక్కడే పుట్టి తొమ్మిదో తరగతికి వచ్చింది. నేను జాలిపడ్డాను. పాపం, కాస్త జాగ్రత్తగా రాసుకోవాల్సిందని మనసులో ఆయనకి సలహా కూడా ఇచ్చాను.

ఆదివారం చర్చిలో వాళ్ళ కుటుంబం వెనక వరసలో కూర్చున్నాను. పక్కన కూర్చునే ధైర్యం లేకపోయింది. వాళ్ళమ్మాయి వెనక్కి తిరిగి, "ఆంటీ, మీకు సాడ్ ఉందా?" అని అడిగింది. (నాకు అప్పుడు పాతికేళ్ళు. ఉన్న సాడ్‌కి ఆ ఆంటీ కూడా తోడైంది.) ఆరాధన అయ్యాక బిర్యానీ వరసలో నిలబడి ఉండగా, కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన ఎర్రబడ్డ మొహంతో అన్నయ్య దగ్గరకి వచ్చారు.

"ఏవండీ, మీ అమ్మాయి కారు మా వెనకాల అడ్డంగా పార్క్ చేసిందండి. పావుగంట నుంచి వెయిట్ చేస్తున్నాం. పిల్లలకి ఇంట్లో చెప్పుకోవద్దాండీ?"

ఆయన వేలు నావైపు ఉంది. కారు కూడా నాదే.

"తప్పైపోయిందండి, ఇప్పుడే తీయిస్తాను" అన్నారు అన్నయ్య. నేను తాళాలు పట్టుకుని పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి వదిన నవ్వుతోంది. "మన పిల్ల కాదని చెప్పొచ్చు కదండీ, ఊరికే మాట పడ్డారు" అంటోంది.

"ఆయనకి మన మొహాలేం తెలుసే? మన వెనకాలే కూర్చుంది. ముందు కనపడ్డ మనిషిని పట్టుకున్నాడు" అన్నారు అన్నయ్య.

మళ్ళీ పళ్ళెం అందుకున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. ముందు కనపడ్డ మనిషి. తప్పు చేసినవాళ్ళు కాదు, తప్పు జరిగిన చోటికి ముందు దగ్గరలో దొరికిన పేరు. ఎంత వెనక కూర్చున్నానో ఆ పెద్దాయన చూడలేదు. తెర మీద దూరం నేనూ చూడలేదు. ప్లస్ ఎంత?

పళ్ళెం వదిన చేతిలో పెట్టి, పట్టుచీరలోనే ఆఫీసుకి వెళ్ళాను. ఎండ ఫెళ్ళున కాస్తోంది, పార్కింగ్ లాట్ అంతా ఖాళీ. ఫైల్ తెరిచాను. సెలవు ప్లస్ అయిదువేల పైచిలుకు. సెలవు ఫంక్షన్ మొత్తం కొలిస్తే రెండొందల బైట్లు కూడా ఉండదు. అంటే అది పూర్తయిపోయాక ఇంకా ఎంతో దూరం పోయాక కూలింది. మధ్యలో ఉన్నవాటికి జాబితాలో పేర్లు లేవు కాబట్టి డీబగ్గర్ వెనక్కి వెనక్కి వెళ్ళి సెలవు మీద చెయ్యి వేసింది. అదే బిల్డ్‌ని పేర్లేవీ తీసేయకుండా మళ్ళీ చేసి, అదే నంబరు కొట్టాను. ఈసారి డీబగ్గర్ వేరే పేరు చెప్పింది. హెల్పర్ టూ. ప్లస్ పన్నెండు. దాన్ని రాసింది నేను. అంత చప్పగా పేరు పెట్టేది కూడా మా టీమ్‌లో నేనొక్కదాన్నే.

మెషీన్ అబద్ధం ఆడలేదు. పేరూ చెప్పింది, దూరమూ చెప్పింది. సగం చదివి మనిషి మీద సాక్ష్యం చెప్పింది నేను. కుర్చీలో చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, ఇది ఎవరికీ చెప్పకుండా ఉండే మార్గాలు ఎన్నున్నాయో కూడా ఆలోచించాను. దాయడం ఎందుకు, బాగా ఆలోచించాను. నాకు ఇంకా హెచ్‌వన్ వీసా లాటరీ తగల్లేదు. ఆయనకి అనుభవం ఉంది, ఎక్కడైనా దొరుకుతుంది. ఈ మాట నాకు నేను మూడుసార్లు చెప్పుకున్నాను. మూడోసారి నాకే అసహ్యం వేసింది.

సోమవారం తొమ్మిదీ నలభైకి ఓకేసో గారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. (కూర్చోమన్నాడు. చర్చిలోలాగా సాక్ష్యం నిలబడి చెప్పడమే నాకు అలవాటు.) ఆదివారం చూసిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"ఓకే, సో... ఇట్స్ నాట్ సెలవీ?"

"ఇట్స్ నాట్ సెలవు. ఇట్స్ మీ."

ఆయన నా లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని అంకెలు చూశాడు. ఫిక్స్ చేయడానికి ఎంత టైమ్ పడుతుందని అడిగాడు. రెండు గంటలన్నాను. "ఓకే, సో, గో" అన్నాడు. నేను తలుపు దాటేలోగా ఫోన్ ఎత్తి పదింటి మీటింగ్ అక్కర్లేదని ఎవరికో చెప్పడం వినిపించింది.

అన్నయ్య తన సీట్లో కూర్చుని టీ తాగుతున్నారు. క్షమించమని చెబుదామని వెళ్ళి ఏడుపు మొదలుపెట్టాను. ఆయన కంగారుగా అటూ ఇటూ చూసి, టిష్యూ పెట్టె నావైపు తోశారు.

"ఊరుకోమ్మా. ఆ అంకె నేను గురువారమే చూశాను, నీ తెర మీద."

"గురువారమే? మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

"చెబితే అందరి ముందూ నిన్ను నిలబెట్టినట్టవుద్ది కదా. నువ్వే చూసుకుంటావేమోనని ఆగాను. అలాగని ఊరుకునేవాణ్ణి కాదు చెల్లెమ్మా, నేనేం దేవుణ్ణి కాదు. పిల్ల చదువుంది. మెయిల్ రాసి పెట్టాను, తొమ్మిదీ యాభై అయిదుకి పంపేసేవాణ్ణే."

చూపించమన్నాను. వద్దన్నారు. నేను పట్టుబడితే డ్రాఫ్ట్ తెరిచారు. నంబర్లు, కొలతలు, సెలవు ఎక్కడ ముగుస్తుందో లెక్క, అన్నీ వరసగా ఉన్నాయి. నేను చేసినదానికంటే శుభ్రంగా ఉంది. చివర, తప్పు సెలవు తర్వాత వచ్చే ఒక పేరులేని ఫంక్షన్‌లో ఉందని రాశారు. అంతే. నా పేరు కోసం కిందనుంచి పైదాకా రెండుసార్లు వెతికాను.

"నాదని రాయలేదేం? మీకు తెలుసుగా."

"టేబుల్‌లో లేదు కదమ్మా. లేని పేరు నేనెలా రాస్తాను?" అని ఆయన డ్రాఫ్ట్ డిలీట్ చేసేసి, టీ కప్పు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఆయనకి తర్వాత గ్రీన్‌కార్డ్ వచ్చింది, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌కి మారిపోయారు. నాకు ఇప్పుడు ఆయన అప్పటి వయసు. నా చేతికింద కొత్తవాళ్ళు ఉన్నారు, పెట్టెలు ఇంకా కూలుతూనే ఉన్నాయి. తప్పు ఎక్కడుందో చెప్పే మెయిళ్ళు నేను చాలా రాశాను. అంకెలన్నీ సరిచూసుకునే రాస్తాను, ఒక్కటీ తప్పు పోలేదు. కానీ రాసిన ప్రతిసారీ, ఆయన రాసినట్టు పేరు లేకుండా ముగిద్దామనే మొదలుపెడతాను. ఎప్పుడు చూసినా రెండో వాక్యానికల్లా ఎవరిదో పేరు వచ్చి కూర్చుని ఉంటుంది. కాసేపు దానివైపు చూసి, నాలో నేనే నవ్వుకుని, చెరిపి మళ్ళీ మొదలుపెడతాను.