రొయ్యల మేత సంచికి ముప్పై రెండు జేబులు

"ఆ ఒక్క జేబుకే గుడ్డముక్క లేదండీ అత్తయ్యగారూ. లోపల చూస్తే తెల్లదారం, ఎర్రదారం కలిసిపోయి చిక్కుపడి ఉన్నాయి. చెత్త అనుకున్నాను," అంది కోడలు.

"నా జేబుల్లో చెత్త ఉంటుందని నీకెవరు చెప్పారు?"

"మాసిపోయిన సంచిలో చిక్కుపడ్డ దారం ఉంటే ఇంకేమనుకుంటారు?"

"అడుగుతారు. గుడివాడలో ఫోన్లు లేవా? చెల్లెలింటికి వెళ్ళాను గానీ చచ్చిపోలేదు కదా నేను."

"అడిగితే వద్దంటారు. అందుకే మీరు లేనప్పుడు సర్దాను. ఆ పెట్టె మీకోసం కొన్నానండీ, నాకోసం కాదు. ఒక్క హుక్కు కోసం అరగంట వంగి వెతుక్కుంటున్నారు మీరు."

"నా నడుం, నా హుక్కు. దారం ఎక్కడ వేశావు?"

"పొద్దున్న మున్సిపాలిటీ బండిలో."

మా అబ్బాయి అప్పటిదాకా కుర్చీలో కూర్చుని వింటున్నాడు. తన స్కూటరు కడుక్కుంటానని లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ బండి అప్పటికే తళతళా మెరుస్తోంది.

నేను బందరులో నలభై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని రాస్తాను, చదువుతాను గానీ అంకెలు నా కంటికి అటూ ఇటూ అవుతాయి. కొత్తలో ఒకావిడ కొలత ముప్పై నాలుగు అని రాసుకుని, దాన్నే నలభై మూడుగా చదివి పట్టుగుడ్డ పాడుచేశాను. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడం వల్లే ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి కొలతలు కాగితం మీద రాయడం మానేశాను. మనిషికో తెల్లదారం తీసుకుంటాను. చాతీ దగ్గర ఒక ముడి, నడుం దగ్గర ఒక ముడి, భుజం, చెయ్యి, మెడ. వరస ఎప్పుడూ మారదు. దారాన్ని గుడ్డమీద పరిస్తే ముడులే చెబుతాయి, ఎక్కడ కత్తెర పెట్టాలో.

ఆ దారాలు దాచడానికి కుట్టుకున్నదే ఈ సంచి. చెరువుల వాళ్ళు రొయ్యల మేత తెచ్చుకునే తెల్లసంచి ఉంటుంది కదా, పట్టాలాగా గట్టిగా ఉంటుంది. మూడుసార్లు సబ్బునీళ్ళలో నానబెట్టినా వాసన పోలేదు, నాలుగోసారి నిమ్మతొక్కలు వేస్తే పోయింది. దాన్ని నిలువునా చీల్చి, ఇంకో సంచి ముక్కలతో ముప్పై రెండు జేబులు కుట్టి గోడకి తగిలించాను. జేబుకో మనిషి. ఆ మనిషికి కుట్టిన మొదటి జాకెట్టు ముక్క గోరంత కత్తిరించి జేబు మీద టాకా వేస్తాను. ఆ రంగు చూడగానే నాకు ఆ మనిషి మొహం కనపడుతుంది. లోపల ముడుల దారం, ఆవిడ జాకెట్టుకి వాడగా మిగిలిన దారపు ఉండ, నాలుగు హుక్కులు. మళ్ళీ ఎప్పుడో చంక దగ్గర విడిపోయిందని వస్తే అదే రంగు దారం సిద్ధంగా ఉంటుంది. కొత్తది కొనక్కర్లేదు.

మిగతావీ అంతే, దేన్నీ డబ్బు పెట్టి కొనలేదు. రీళ్ళు నిలబెట్టడానికి పాత సైకిలు చక్రం ఊచలు కోసి చెక్కకి దిగ్గొట్టాను. మాత్రల డబ్బాల్లో ప్రెస్సు బటన్లు. సూదులు పౌడరు డబ్బాలో, అడుగున కాస్త పౌడరు మిగిల్చి. మా ఊరి ఉప్పుగాలికి బయట పెట్టిన సూది వారం తిరక్కుండా తుప్పు పడుతుంది.

ఇదంతా నాకు అర్థమయ్యేలా ఉంది గానీ ఇంకొకరికి అర్థమయ్యేలా లేదని నాకు ఎప్పుడూ తట్టలేదు.

కోడలు తప్పు చేసిందని అనను. లోపలేముందో కనపడే ప్లాస్టిక్ పెట్టె తెప్పించి, రీళ్ళన్నీ రంగుల వరసన పెట్టింది. ముప్పై ఒక్క జేబుల్లోని ముడుల దారాలనీ వాటివాటి గుడ్డముక్కలతో సహా విడివిడి కవర్లలో పెట్టింది. ఒక్కటీ తారుమారు కాలేదు. రెండు రోజులు ఆఫీసు నుంచి వచ్చి కూర్చుని చేసిందట. ముక్క లేని జేబు ఒక్కటే. అది పారేసింది.

ఆ జేబు కోడూరు ఆవిడది.

ఆవిడ మూడు నెలల కిందట వచ్చింది. కోడూరు నుంచి బందరు దాకా దారిలో అవనిగడ్డ ఉంది, అక్కడ ఎంతమంది టైలర్లు లేరు. వాళ్ళందరినీ దాటుకుని బస్సెక్కి నా దగ్గరికి వచ్చిందంటే ఏదో ఉందనుకున్నాను. తలుపు వేయమంది. పమిట తీసింది. ఎడమవైపు రొమ్ము ఆపరేషన్ చేసి తీసేశారు. అప్పటిదాకా ఇంట్లో నైటీలూ, చీర కడితే లోపల వదులు చొక్కాలే వేసుకుంటోందట. "మా అబ్బాయి ప్రధానం కుదిరేట్టుంది పిన్నిగారూ. పిల్లవాళ్ళది గుడివాడ. చర్చిలో అందరి ముందూ నిలబడాలి నేను. రెండు వైపులా ఒక్కలా కనపడాలి," అంది. మా ఊళ్ళో తెలియదండీ, భుజం నొప్పికి ఆపరేషన్ అని చెప్పాం, అని కూడా అంది.

కొలతలు తీస్తుంటే గోడవైపు తిరిగి నిలబడి ఏడ్చింది. ఎడమవైపు కొలతలకి వేరే ముడులు కావాలి కదా, వాటికి ఎర్రదారం కలిపాను. అయ్యాక పమిట కప్పుకుని, "ఇంక మళ్ళీ తీయకండి. ఈ ఒక్కసారే. ఎవరికీ చెప్పకండి," అంది. సరే అన్నాను. గుడ్డ ఇంకా కొనలేదు గనక జేబు మీద కుట్టడానికి ముక్క లేదు.

ఇప్పుడు గుడ్డ కొన్నానని, అది తీసుకుని మర్నాడు మొదటి బస్సుకి వస్తానని, నేను గుడివాడలో ఉండగా ఫోన్ చేసింది. ప్రధానం ఆదివారం. కూర్చోబెట్టి కుట్టి పంపిస్తానని నేనే మాటిచ్చాను. అందుకే గుడివాడలో చెల్లెలు ఇంకొక రోజు ఉండమన్నా ఉండకుండా వచ్చేశాను.

"ఎవరిదో చెప్పండి. నేనే ఫోన్ చేసి ఆది జాకెట్టు తెమ్మంటాను. తప్పు నాదేనని చెబుతాను," అంది కోడలు.

"ఆవిడకి ఆది జాకెట్టు లేదు."

"జాకెట్టు లేని మనిషి ఎవరండీ ఈ రోజుల్లో?"

"చెప్పను."

"దారం ముక్క ఎవరిదో కూడా రహస్యమేనా? నా మీద కోపం తీర్చుకోవడానికి లేని మనిషిని పుట్టిస్తున్నారా?"

అప్పుడు నేనో మాట అన్నాను. "పరాయి ఇంటి వస్తువుల మీద చెయ్యేసే అలవాటు మీ పుట్టింట్లో నేర్పారేమో," అన్నాను. ఆ పిల్ల పెట్టె మూత పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఎనిమిదేళ్ళుగా ఆ వంటింట్లోనే వండి నాకు పెడుతోంది. పరాయి ఇల్లు అన్నాను.

సాయంత్రం వెలుగుండగానే కొత్త దారం తీసుకుని కూర్చున్నాను, గుర్తున్నంత వరకూ ముడులు వేద్దామని. నడుం గుర్తుంది. చెయ్యి గుర్తుంది. కుడివైపు అంచనాగా వేయొచ్చు. ఎడమవైపుకి వచ్చేసరికి నా వేళ్ళు ఆగిపోయాయి. ఎన్నో నడుములు, ఎన్నో భుజాలు కొలిచాను గానీ అలాంటిది అదొక్కటే. అంచనా వేయడానికి ఇంకొకటి లేదు.

దారం ఉన్నట్టే నటించి, ఉజ్జాయింపుగా కత్తిరించేద్దామా అని ఒక ఘడియ అనుకున్నాను. ఆవిడ ఆదివారం పూట చర్చిలో పమిట సర్దుకుంటూ సర్దుకుంటూ నిలబడటం కళ్ళకి కట్టింది. ఆ ఆలోచన మానుకున్నాను.

ఇంకొకటి కూడా అప్పుడే తోచింది. జేబుకి ముక్క లేకపోతే ఏ రంగుదైనా నా పాత చీర ముక్కే కుట్టొచ్చు. గుడివాడ వెళ్ళేముందు, ఆ చివరి జేబు ముట్టుకోకు అమ్మాయ్ అని ఒక్క మాట చెప్పొచ్చు. కారణం చెప్పక్కర్లేదు, తను అడిగేదీ కాదు. ఇంట్లో తప్ప ఇంకెక్కడా కూర్చుని కుట్టని దాన్ని, ఇంట్లోవాళ్ళకి ఏమీ తెలియకుండా ఇన్నేళ్ళు కుట్టాను.

అన్నం వడ్డించినప్పుడు, "రేపు పొద్దున్న వచ్చేది ఆవిడే. నా దగ్గర మాట తీసుకుంది, అందుకని చెప్పలేదు. లేని మనిషి కాదు," అన్నాను.

కోడలు పచ్చడి వేస్తూ, "అంత మాట నేనూ అనకుండా ఉండాల్సింది," అంది. నేనన్న మాట సంగతి తను ఎత్తలేదు. నేను ఎత్తాలి. "పుట్టింటి మాట వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాను. మావాడు కంచంలోంచి తలెత్తి ఇద్దర్నీ చూసి మళ్ళీ దించుకున్నాడు.

మర్నాడు తొమ్మిది కాకముందే ఆవిడ వచ్చింది. సంచిలోంచి గుడ్డ తీసింది, ముదురాకుపచ్చ మీద సన్నని జరీ. కూర్చోమని చెప్పి, నేను నిలబడే, "దారం పోయిందమ్మా. మా ఇంట్లోనే పోయింది. మళ్ళీ కొలవాలి. నీకు ఇష్టం లేకపోతే గుడ్డకి కత్తెర పెట్టను," అన్నాను.

ఆవిడ గుడ్డని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"అది ఎవరికన్నా దొరికితే తెలుస్తుందా పిన్నిగారూ?"

"తెలియదు. అది చెత్త అనుకునే పారేశారు."

"మీ ఇంట్లోవాళ్ళకి చెప్పారా?"

"లేదు."

కోడలు కాఫీ తెచ్చి బల్లమీద పెట్టింది. ఆవిడ వైపు చూసి, "నమస్కారం అండీ. నేను ఇవాళ సెలవు పెట్టాను. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకుంటాను. ఎవరొచ్చినా సాయంత్రం రమ్మంటాను," అని బయటికి వెళ్ళి తలుపు దగ్గరికి లాగింది. తర్వాత వరండాలో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

ఆవిడ కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టి, గడియ వేసి వచ్చి, "కానివ్వండి," అని పమిట తీసింది. ఈసారి గోడవైపు తిరగలేదు. మూడు నెలల్లో బాగా చిక్కింది. పాత దారంతో కత్తిరించి ఉంటే నడుం దగ్గర రెండంగుళాలు వదులయ్యేది. ఆ సంగతి చెబితే, "తిండి సయించట్లేదండీ," అంది.

ముడులన్నీ వేసి, ఎర్రదారం కలిపి, గుడ్డ కత్తిరించాను. కత్తిరించాక దారం చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే ఆవిడ చెయ్యి చాపింది. దాన్ని ఉండ చుట్టి, తన పర్సులో మాత్రల చీటీ ఉన్న అరలో పెట్టుకుని జిప్పు వేసింది. నేను మిషను మీద కూర్చున్నాను.