తొమ్మిదిని ఇరవైనాలుగు చేశాను

అమీర్‌పేటలో మా కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర ఇప్పటికీ ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. ‘ఇరవైనాలుగు రకాల బ్యాచ్‌లు’ అని దాని మీద ఎర్రక్షరాల్లో ఉంటుంది. ఆ సంఖ్య నా ఘనకార్యమే.

నేనక్కడ లెక్కల మాస్టార్ని. ఫ్లెక్సీ కోసం మా ఓనరుగారు కాగితం మీద రాసుకుంటున్నారు: నాలుగు పరీక్షలకు కోచింగ్, రోజుకు మూడు పూటలు, తెలుగు, ఇంగ్లీషు రెండు మీడియంలు. అన్నీ కూడి, ‘తొమ్మిది రకాలు’ అని వేశారు. నాకు ఒళ్లు మండింది. లెక్కల మాస్టారు ఎదురుగా ఉండగా ఇంత తప్పా! పెన్ను లాక్కున్నాను. ఏ పరీక్షకైనా ఏ పూటైనా, ఏ మీడియమైనా ఎంచుకోవచ్చు కాబట్టి కూడకూడదు, గుణించాలని పాఠమే చెప్పాను. నాలుగు మూళ్లు పన్నెండు, పన్నెండు రెళ్లు ఇరవైనాలుగు.

“ఏంటి మాస్టారూ, ఇన్నాళ్లూ పదిహేను పోగొట్టుకున్నామా?” అని ఆయన పొంగిపోయి నాకు స్పెషల్ టీ తెప్పించారు.

ఫ్లెక్సీ కట్టిన వారానికి, ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి ఒకాయన కూతుర్ని చేర్పించడానికి వచ్చారు. ఫ్లెక్సీని శ్రద్ధగా చదివి నన్నే అడిగారు.

“సార్, గిన్ని బ్యాచ్‌లకు రూములెన్ని ఉన్నయ్?”

“ఒక్కటే.”

“మరి లెక్కలు చెప్పే సార్లు ఎందరున్నరు?”

“నేనొక్కణ్ణే.”

ఆయన నా వైపు జాలిగా చూశారు. నా లెక్కలో మాత్రం తప్పేమీ లేదు. ఇరవైనాలుగుని ఒకటితో ఎన్నిసార్లు గుణించినా ఇరవైనాలుగే.