కొండమ్మ మైనం, నా ఆయింట్‌మెంట్

1998 డిసెంబరు. జి.మాడుగుల నుంచి జీపులో కొంత దూరం, అక్కణ్ణుంచి కొండెక్కుతూ గంటన్నర నడక. ఆ నడక చివర ఉన్న ఊళ్లో నేను ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. ఏఎన్‌ఎం అంటే ఊళ్లోనే ఉండి కాన్పులు, టీకాలు, చిన్నాచితకా జబ్బులు చూసుకునే నర్సు. రెండు గదుల సబ్‌సెంటరు మాది. ముందు వరండాలో నా బల్ల, మందుల డబ్బా, రిజిస్టరు ఉండేవి. వెనక వరండా మా ఆయా కొండమ్మది. నీళ్లు కాచడం, ఊడ్చడం, కాన్పుకి సాయం పట్టడం ఆమె పని. యాభై ఏళ్లుంటాయి. పుట్టింది, పెరిగింది, మెట్టింది అన్నీ ఆ కొండమీదే. నేను విజయనగరం పక్క నుంచి వచ్చినదాన్ని. ట్రైనింగు అయ్యాక అదే నా మొదటి ఉద్యోగం, అప్పటికి రెండేళ్లయింది.

అక్కడ చలికాలమంటే పది దాటితేగాని ఎండ కనపడదు. సరిగ్గా అప్పుడే కాఫీ పళ్లు కోతకొస్తాయి. ఆడవాళ్లు పొద్దున్నే మంచులో పళ్లు కోసి, తొక్క తీసిన గింజల్ని గెడ్డలో, అంటే కొండవాగులో, చల్లటి నీళ్లతో కడుగుతారు. ఆ జిగురు పులుపు, ఆ చలి, ఇంటికెళ్లాక బూడిదతో గిన్నెలు తోమడం. సంక్రాంతి నెల వచ్చేసరికి ఊళ్లో సగంమంది చేతులు పగిలి ఉండేవి. చర్మం ఎండి, బిరుసెక్కి, గీతల వెంబడి లోతుగా చీలితే మేము ఫిషర్ అంటాం. కింద ఊళ్లలో దాన్ని ఎవరూ జబ్బుగా లెక్కేయరు. అక్కడ పిడికిలి ముడవలేని మనిషి కట్టెలు కట్టలేదు, పళ్లు కోయలేదు, బిడ్డనెత్తుకోలేదు.

నా దగ్గర పారాఫిన్ ఆయింట్‌మెంటు ఉండేది. తెల్లగా, జిడ్డుగా ఉండి చర్మంలో తేమ ఆరిపోకుండా ఆపుతుంది. ఆ ఏడాది నవంబరు మధ్యలోనే డబ్బా ఖాళీ అయిపోయింది. ఇండెంటు పెట్టాను, అంటే కిందనున్న ఆసుపత్రికి మందులు కావాలని రాసిచ్చాను. రాలేదు.

అప్పటినుంచి ఆడవాళ్లు నా బల్ల దాటి వెనక వరండాకి వెళ్లడం మొదలెట్టారు. నిజానికి అంతకుముందూ వెళ్లేవారేమో. నా డబ్బా నిండుగా ఉన్నన్నాళ్లూ నేను గమనించలేదు.

కొండమ్మ ఇప్పగింజల నూనెలో తేనెతుట్టె మైనం వేసి, సన్నని సెగమీద కరిగించి, చల్లార్చేది. గట్టిపడ్డాక అడ్డాకులో చిన్న చిన్న పొట్లాలు కట్టేది. ఊరికే ఇచ్చేసేది కాదు. ముందు వాళ్ల చేతుల్ని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, గుడ్డతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే మైనం రాసేది. రాస్తూ చెప్పేది.

“బూడిదతో గిన్నెలు తోమకు. సేతులు నిప్పుకి దగ్గరగా పెట్టి కాపుకోకు, ఇంకా ఎండిపోతాయి. పడుకునేటప్పుడు రాసుకుని పాతగుడ్డ సుట్టుకో.”

తలుపు వెనక నిలబడి నేను వినేదాన్ని. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. నా దగ్గర నేలచూపులు చూసే ఆడవాళ్లు ఆమె దగ్గర అత్తల మీద, మొగుళ్ల మీద కబుర్లు చెప్పి నవ్వేవారు. నేను వస్తున్న చప్పుడు వినగానే ఆ నవ్వు ఆగిపోయేది. స్పిరిటుతో, సబ్బుతో నా వేళ్లూ పగిలాయి. ఒకరోజు కొండమ్మ చూసి “కాస్త రాయనా సిస్టరమ్మా?” అంది. “నాకేం అవసరం లేదు” అన్నాను. ఆ వారమంతా సూది మందు తీస్తుంటే వేళ్లు భగభగ మండేవి.

పార్వతి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పాతికేళ్ల పిల్ల. మూడు నెలల కొడుకుని వీపుకి కట్టుకుని వచ్చింది. ఆ కాన్పు చేసింది నేను. ఎదురుకాళ్ల బిడ్డ, ఏడు గంటలు పక్కనే కూర్చున్నాను. ఊళ్లో ఎవరు నా మనిషి, ఎవరు కొండమ్మ మనిషి అని నాకు తెలియకుండానే నేను పంచుకుంటున్న రోజులవి. పార్వతిని నా వాటాలో వేసుకున్నాను. ఆమె నాకేసి చూసి తలూపి, నేరుగా వెనక్కి వెళ్లిపోయింది.

లేచి వెనక్కి వెళ్లాను.

“కొండమ్మా, ఇది గవర్నమెంటు సెంటరు. ఇక్కడ నాటుమందులు ఇవ్వకూడదు. రేపు డాక్టరుగారు తనిఖీకొస్తే ఏమంటారు?”

కొండమ్మ నా ముఖంలోకి ఓసారి చూసింది. “సరేలే సిస్టరమ్మా” అని పొట్లాలన్నీ కొంగులో మూటగట్టేసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు.

పార్వతిని ముందుకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. డబ్బా అడుగున సాలిసిలిక్ ఆయింట్‌మెంటు ట్యూబు ఒకటే ఉంది. తామరకి రాసేది. గట్టిపడిన పైచర్మాన్ని ఒలిచేస్తుంది. చీలికల అంచులు బిరుసుగానే ఉన్నాయి, మెత్తబడతాయిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పచ్చిగా చీలినచోట అది రాయకూడదని నాకు తెలుసు. ఆ పిల్లని వట్టి చేతులతో పంపడం ఇష్టంలేక ఇచ్చాను.

“రోజుకి రెండుసార్లు రాయి. మంట పుట్టినా మానొద్దు” అన్నాను.

తర్వాతి వారం పిల్లాడి టీకాకి పార్వతి రాలేదు. ఆ పై రెండు రోజులకి పొద్దున్నే కొండమ్మ వచ్చి, చీపురు పట్టుకోకుండా నా బల్ల ముందు నిలబడింది.

“పార్వతి సెయ్యి పొంగిపోయింది. జ్వరం కూడా వచ్చింది. బేగి రా.”

వాళ్ల ఇల్లు గెడ్డ దాటి, ఒక ఎక్కుడు ఎక్కాలి. దారి పొడుగునా కొండమ్మ నా ముందు నడిచింది. నన్ను ఏదైనా అంటే బాగుండునని వెనకే నడిచాను.

పార్వతి కుడిచెయ్యి మణికట్టు దాకా వాచింది. చూపుడువేలు ఎర్రగా, మెరుస్తూ ఉంది. చీలికల చుట్టూ తోలు ఊడి పుండయింది. చీము పట్టింది. సెకండరీ ఇన్ఫెక్షన్ అంటాం దీన్ని, చర్మం తెగినచోట క్రిములు చేరడం. పిల్లాడు చాపమీద ఏడుస్తున్నాడు. వాణ్ని ఎత్తలేక వాడి పక్కనే ఒరిగి పాలివ్వాలని చూస్తోంది.

“ఇంత మంట పుడుతుంటే ఎందుకు రాశావు?” అన్నాను.

“నువ్వు మానొద్దన్నావు గదా సిస్టరమ్మా.”

ఆ గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. అడిగాను కాబట్టి చెప్పింది, అంతే.

నేను కొండమ్మ వైపు తిరిగాను. “నువ్వు మైనం రాయలేదా?”

“సీము పట్టిన సేతికి నేను రాయను. మూసేస్తే లోపలికి పోతాది. అలాటోళ్లని ఎప్పుడూ నీ దగ్గరికే పంపుతాను గదా.”

రెండేళ్లుగా నా బల్ల దగ్గరికొచ్చి “ఎవరో రమ్మన్నారు” అన్నవాళ్లు గుర్తొచ్చారు. కాలికి గుచ్చుకున్న ముల్లు చీముపట్టినవాళ్లు, రొమ్ముగడ్డతో వచ్చిన బాలింతలు. ఊళ్లో నాకు పేరొచ్చిందని వాళ్లని చూసి మురిసిపోయేదాన్ని. నేను కుళ్లుకుంటున్న మనిషే వాళ్లని పంపిందని నాకు తెలియదు.

పుండు కడిగి, కట్టుకట్టి, మాత్రలు వేసి, ఆ పూటే పార్వతిని కిందనున్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. కొండమ్మ పిల్లాణ్ని కట్టుకుంది. డాక్టరుగారు వేలు చూసి, ఇంకో రెండు రోజులు ఆగితే వేలు తీసేయాల్సి వచ్చేదన్నారు. చీము తీయడానికి సిద్ధపడుతూ “దీనిమీద ఏం రాశారు?” అని అడిగారు. ఆయన చూపు కొండమ్మ మీదికి పోయింది. ఆయన ఏమనుకుంటున్నారో నాకు అర్థమైంది. కొండమ్మకీ అర్థమైంది.

“కాఫీ తొక్క పడలేదు బాబూ, దానికితోడు సలి” అంది ఆమె.

ఒక్క క్షణం ఆ మాట వెనక దాక్కోవాలనిపించింది. “నేనిచ్చాను సార్, సాలిసిలిక్” అన్నాను. ఆయన కత్తెర బల్లమీద పెట్టి నన్ను చూశారు. పార్వతి ముందే చీవాట్లు పెట్టారు. ప్రతి మాటా నాకు తగినదే.

వేలు దక్కింది. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పాలకి ఏడ్చిన ప్రతిసారీ కొండమ్మ పిల్లాణ్ని తల్లి రొమ్ముకి ఆనించి పట్టుకునేది. పార్వతి ఆమెని “అమ్మా” అని పిలిచేది. నన్ను మాత్రం సిస్టరమ్మా అనే. నిజం చెప్పాలంటే, అంత జరిగాక కూడా, ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు చురుక్కుమనేది. తప్పు ఒప్పుకోగానే మనసు కడిగినట్టయిపోతుందని ఎవరన్నా అంటే నేను నమ్మను.

పుండు పూర్తిగా మానింది, కానీ పగుళ్లకి రాయడానికి పారాఫిన్ ఇంకా రాలేదు. కొండమ్మని నేనే అడిగాను. మర్నాడు పొట్లాలు తెచ్చి, ఎక్కడ కూర్చోవాలన్నట్టు చూసింది. నా బల్ల పక్కన పీట వేశాను. చీలిన చేతులొస్తే నేను చూసేదాన్ని. చీము, వాపు, జ్వరం ఉంటే నా దగ్గర ఆగేవారు. వట్టి పగుళ్లయితే పీట దగ్గరికి జరిగేవారు. మైనం ఎంత వేస్తావని ఒకసారి అడిగితే, “సలిని బట్టి” అంది. అంతకన్నా చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

తర్వాత చాలా ఊళ్లు తిరిగాను. ఏ జబ్బుకైనా ముందు “ఇంట్లో ఏం రాశారు, ఎవరు చెప్పారు?” అని అడగడం ఆ చలికాలంలోనే మొదలైంది. కొత్తగా చేరిన నర్సులకి కూడా అదే చెప్పేదాన్ని, ఆ అడగడంలో కసురు ఉంటే ఎవరూ నిజం చెప్పరని కూడా. కానీ వాళ్లకి చెప్పనిది ఒకటుంది. ఆ రోజు వెనక వరండాలో నేను చెప్పిన రూలు నిజమైనదే. అన్ని రోజులు తలుపు వెనక నిలబడి విన్నా గుర్తురాని ఆ రూలు, పార్వతి నన్ను దాటి వెళ్లిన నిమిషంలోనే ఎందుకు గుర్తొచ్చిందో నాకొక్కదానికే తెలుసు.