పాలు పొంగని వంటిల్లు

దెయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. కాకపోతే ఆ మాట మునుపటంత గట్టిగా అనలేకపోతున్నాను. అదే నా చిరాకు. కనీసం తెల్లచీర కట్టుకున్న ఆకారమో, తనంతట తాను ఊగే కుర్చీయో అయితే చెప్పుకోవడానికి కాస్త గౌరవంగా ఉండేది. నా విషయంలో వచ్చిందల్లా లీటరు పాలతో.

మా అక్క సుధ నోయిడాలో బావ ఇంటి నుంచి ఐదేళ్ల కూతురు మిన్నీని తీసుకుని వచ్చేసింది. ఎందుకొచ్చిందో విజయవాడలో ఉన్న అమ్మకి చెప్పలేదు. "పడటం లేదమ్మా" అంది, అంతే. నాకూ అంతకంటే ఎక్కువ చెప్పలేదు. గురుగ్రామ్‌లో నలుగురు కుర్రాళ్లం కలిసుంటున్న ఫ్లాట్‌లో నా గది వాళ్లకిచ్చి, నేను హాల్లో పడుకునేవాణ్ని.

అక్క ఉద్యోగం కూడా గురుగ్రామ్‌లోనే. కావలసిందల్లా ఒక ఇల్లు. అమ్మ మాత్రం రోజూ ఫోన్ చేసేది. "ఒంటరి ఆడదానికి ఇల్లెవరిస్తారే? అల్లుడుగారు పాపం బతిమాలుతున్నారు. సర్దుకుని వెళ్లిపో." ఇల్లు దొరికితే అక్క ఇక్కడ ఉంటుంది, దొరక్కపోతే మళ్లీ నోయిడా. మధ్యలో ఇంకో దారి లేదు.

ఇక్కడి ఓనర్లు తమ ఇల్లు చూపించాలంటే ముందు మనం భర్తను చూపించాలి. "హస్బెండ్ కబ్ ఆయేంగే?" అని అడగనివాడు లేడు. నేను తమ్ముణ్ని అని చెబితే ఒకాయన "అచ్ఛా, అందరూ అలాగే చెప్తారు" అని తలుపేసుకున్నాడు. మాకున్న పోలికలన్నీ ముక్కులోనే ఉన్నాయి, ముక్కులు చూపించే లోపే తలుపు పడింది.

చివరికి ఒక పాత సెక్టార్‌లో మొదటి అంతస్తు దొరికింది. ఓనరు ఏ ప్రశ్నా వెయ్యలేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చి బ్రోకర్ని నిలదీశాను. "భయ్యా, అందులో ఒక లేడీ ఎక్స్‌పైర్ అయింది" అన్నాడు, అదేదో మందు సీసా అయినట్టు. వంటింట్లో మంటలంటుకుని పోయిందట. వీధిలో అందరూ దాన్ని 'భూత్ వాలా ఘర్' అంటారట. అద్దెకొచ్చినవాళ్లు ఏడుపు వినబడుతోందని ఖాళీ చేసి పోతున్నారట.

అక్క నా వైపు చూసింది. "ఏడుపేగా, ఆఫీసు క్యాబులో రోజూ వింటున్నదే" అన్నాను. అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది. ఇల్లు తీసుకుంది.

అమ్మ దిగొచ్చింది గానీ ఒక షరతు పెట్టింది. "ముహూర్తం పెట్టిస్తా, పాలు పొంగించండి. వీడియోలో నేను చూడాలి. పొంగితే ఉండు. పొంగకపోతే ఇంకేం మాట్లాడకుండా మీ ఇంటికి పో." సరే అంటే సరే అన్నాం. పాలు పొంగకపోవడమేంటి? చెంబు బోర్లిస్తే నీళ్లు కారడం మీద పందెం కట్టినట్టే అనుకున్నాం. అక్కడే మా కొంప మునిగింది.

ఆదివారం పొద్దున్న కొత్త గిన్నెకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, లీటరు పాలు పోసి అక్క పొయ్యి మీద పెట్టింది. మిన్నీ స్టూలెక్కింది. నేను ఫోన్ పట్టుకుని కెమెరామన్ని. పాలు మరిగాయి. మీగడ ఉబ్బింది. అంచుదాకా లేచింది. "పొంగుతున్నాయ్ పొంగుతున్నాయ్" అని అమ్మ అటునుంచి చేతులు జోడించింది.

పాలు ఆగాయి. అంచు మీద ఒక్క క్షణం నిలబడి, నెమ్మదిగా కిందికి దిగిపోయాయి.

మంట పెద్దది చేశాం. మళ్లీ లేచాయి, మళ్లీ దిగాయి. కిటికీ మూశాను. పొయ్యి మార్చాను. గిన్నె మార్చాను. ఇంకో ప్యాకెట్ తెచ్చాను, చిక్కటిది. చివరికి నా ఇండక్షన్ స్టవ్ తెచ్చి పెట్టాను. మధ్యాహ్నానికి పాలు పొంగలేదు గానీ కోవా అయ్యే లక్షణాలు మాత్రం కనబడ్డాయి. "మామా, బోరింగ్ హై" అని మిన్నీ స్టూలు దిగి పోయింది. అమ్మ మొహం చూడలేక సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను.

నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త ప్యాకెట్ అదే గిన్నెలో పోసుకుని కింద ఇంటి మల్హోత్రా ఆంటీ దగ్గరకెళ్లాను. మా ఆచారం అని చెప్పి ఆవిడ పొయ్యి మీద పెట్టాను. ఇంతలో నా వెనకే అక్క కూడా దిగొచ్చింది. పాలు మరిగాయి, లేచాయి, బుసబుసమంటూ నాలుగు పక్కలా పొంగి, మంట ఆర్పేసి, గట్టు మీంచి నా చెప్పుల్లోకి కారాయి.

"అరే పాగల్, గ్యాస్ బంద్ కర్!" అని ఆంటీ పరుగెత్తుకొచ్చి కట్టేసింది. పొంగేదాకా చూస్తూ నిలబడే మనుషుల్ని ఆవిడ జీవితంలో చూడలేదట. నిజమే. ఆ పై ఇంట్లో మాకు ముందున్నవాళ్లందరూ పాలు లేవగానే టక్కున పొయ్యి కట్టేసి ఉంటారు. పొంగడం కోసం కాచుక్కూర్చునే జాతి మనదొక్కటే కాబట్టి ఈ సంగతి మనకే తెలిసింది.

పైన పొంగడం లేదని చెప్పాను. ఆంటీ గుడ్డతో గట్టు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"పైన పోయినావిడ ఆద్మీ పోలీసులకి ఏం చెప్పాడో తెలుసా బేటా?" అంది నెమ్మదిగా. "దూధ్ పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ నిండిపోయింది, బీవీ చూసుకోకుండా మాచిస్ పుల్ల గీసింది అన్నాడు. అందరూ నమ్మారు. పాలు ఎవరింట్లో పొంగవు?"

అంతకుముందు పై నుంచి కేకలు వినబడేవట. మొగుడూపెళ్లాల గొడవ కదా అని ఎవరూ పైకి వెళ్లలేదట. ప్రమాదమని తేలాక అతను మళ్లీ పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయాడట.

ఏదో ఒక జోకు వెయ్యబోయి పక్కకి చూశాను. అక్క అప్పటికే మెట్లెక్కుతోంది.

నేను వెళ్లేసరికి పొయ్యి మీద మళ్లీ పాలగిన్నె. ఫోన్ తనే గోడకి ఆనించి అమ్మకి కాల్ కలిపింది. పాలు లేచాయి. అంచు మీద ఆగాయి. దిగాయి.

"చూశావా? ఆ ఇల్లు నిన్ను వద్దంటోందే సుధా" అంది అమ్మ.

"వద్దంటున్నట్టు లేదమ్మా. ఆయన చెప్పింది అబద్ధమంటోంది."

"ఎవరాయన?"

"ఇక్కడ ఉండి వెళ్లినాయన. పెళ్లాం చచ్చిపోతే పాలు పొంగడం వల్ల అన్నాట్ట." అక్క మంట తగ్గించింది. "నేను కూడా నీకొక అబద్ధం చెప్పానమ్మా. అప్పట్లో నా చెయ్యి విరిగింది బాత్రూంలో జారి కాదు. మీ అల్లుడు తలుపు సందులో పెట్టి నొక్కాడు. మిన్నీ చూస్తుండగా."

అమ్మ కదల్లేదు. ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నాను. లేదు, వెనకాల ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. నేను బావతో అప్పటికీ వారానికి రెండుసార్లు ఫోన్లో క్రికెట్ గురించి మాట్లాడుతున్నాను.

"ఆ పొయ్యి కట్టెయ్యవే, అడుగంటుతోంది" అంది అమ్మ. తర్వాత, "మిన్నీకేం పెట్టావు? తలుపులకి లోపల గడియలు గట్టివేనా? ఏరా, నువ్వు చూశావా?"

చూశానని చెప్పాను. చూడలేదు. వెంటనే వెళ్లి చూశాను.

అక్క ఇప్పుడా ఇంట్లోనే ఉంటోంది. బావ రెండుసార్లు కింది గేటు దాకా వచ్చాడు. మల్హోత్రా ఆంటీ రెండుసార్లూ వీధంతా వినబడేలా అరిచింది. ఏడుపులేవీ వినబడలేదు. దెయ్యమూ లేదు. పాలు మాత్రం పొంగవు.

నేను ఆవుపాలు, గేదెపాలు, చివరికి డబ్బా పాలు కూడా కాచాను. కెమికల్ ఇంజనీరింగ్ చదివిన ఫ్రెండుని తీసుకొచ్చాను. గంటసేపు గిన్నెలోకి చూసి, ఆ చిక్కబడ్డ పాలతో అక్క చేసిన సేమ్యా పాయసం రెండుసార్లు వడ్డించుకుని, "వెరీ ఇంట్రెస్టింగ్" అని వెళ్లిపోయాడు. ఈ సాక్ష్యం పట్టుకుని ఏ పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలి? గిన్నె పట్టుకుని వెళ్లి నిలబడితే నన్నే లోపలేస్తారు.

నిద్రపట్టనివ్వని సంగతి ఒకటుంది. ఆవిడ పోకముందు ఆ వంటింట్లో పాలు పొంగేవా, లేక ఆ రోజు నుంచే మానేశాయా? ఇది చెప్పగలిగినవాళ్లు ఇద్దరే. ఒకావిడ లేదు. రెండోవాడు, పొంగాయనే చెప్పాడు.