మదురైలో పారబోసిన ఊరుగాయ ఊట

మిల్లు తొలి సైరన్ సంగు ఊదకముందే పోత్తనూరు స్టేషన్‌కు చేరినాం, నేనూ మా అత్తా. నేను కోయంబత్తూరులో ఒక మిల్లులో రీలింగ్ పని చేసేదాన్ని. మదురైలో ఉన్న మా ఆడబిడ్డ పద్మ బిడ్డకు చెవులు కుట్టే విందు. "మీ అత్త చేతి కౌజుపిట్టల వేపుడు ఉండాల్సిందే" అని పద్మ మామ మనిషిచేత మరీ చెప్పించినాడు. కోరింది వాళ్ళే. ఇది గుర్తుంచుకోండి, నా కోపమంతా అక్కడే ఉంది.

మూడో తరగతి, చెక్కబల్లలు. మా అత్త ఒళ్ళో గుడ్డ కట్టిన జాడీ. ఎదురుగా తమలపాకుల బుట్టతో కూర్చున్నావిడ ఊరుకోలేకపోయింది.

"అందులో ఏముండాది అక్కా?"

"నారదబ్బ ఊరుగాయ ఊట."

"మరి కాయలు?"

"తినేస్తిమి."

బల్లంతా నవ్వింది. మా అత్త మాత్రం నవ్వలేదు. కాయలు అయిపోయినాక అడుగున మిగిలే ఆ ఉప్పూ పులుపూ కారమే మా ఇళ్ళల్లో అసలు సరుకు. నాటుకోడి కానీ, కౌజు కానీ, ఆ ఊటలో ఒక పూట నానితే ఎంత మొండి మాంసమైనా మెత్తబడుతుంది. మళ్ళీ ఉప్పు వెయ్యకూడదు. ఆశపడి రాత్రంతా ఉంచితే నోట పెట్టలేం.

కినత్తుకడవులో అత్త తమ్ముడు కొబ్బరితోపు గట్లమీద వలేసి పట్టిన కౌజుల బుట్టను మా రైలుపెట్టెలోకి ఎక్కించినాడు. టికెట్లు చూసేవాడు వచ్చి, "పిట్టలకు టికెట్ ఏది?" అన్నాడు. "అవి సీటు అడగలేదే తంబీ" అంది అత్త. అతను నవ్వుకుంటూ పోయినాడు. పళనిలో పెరుగన్నం మూట విప్పినాం. ఒట్టన్‌చత్రంలో కూరగాయల మూటలు ఎక్కితే కాళ్ళు మడిచి పెట్టుకోవాల్సిందే, మీరు పోతే కిటికీ పక్కన కూర్చోండి. మదురైలో దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది.

పద్మ మామకు ఇప్పుడు జవుళి అంగడి ఉంది. ఒకప్పుడు మా పక్కింట్లోనే కాపురముండి మా మిల్లులోనే దారం చుట్టినవాడు. ఆ సంగతి ఇంటిల్లిపాదీ మరిచిపోయినారు. వియ్యపురాలు జాడీ మూత తీసి చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. మాకు వెనక వసారాలో చాప వేసినారు.

తెల్లవారి పిట్టలను శుభ్రం చేసుకొని వచ్చేసరికి జాడీ బోర్లించి ఉంది. ఊటంతా ఎర్రగా సాక్కడ కాలవలో పారుతోంది.

"పెద్దమనుషులు తినే విందు. ఎంగిలి ఊటలో ముంచింది వాళ్ళకు పెడతామా?" అంది వియ్యపురాలు.

"ఎంగిలా? తడి చెయ్యి తగలనివ్వని జాడీ వదినా అది! పారబోసేముందు ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోతాదా?" అంది మా అత్త.

పద్మ బిడ్డనెత్తుకొని తలొంచుకొని నిలబడింది. కూతురి మొహం చూసి అత్త ఖాళీ జాడీ ఎత్తి పక్కన పెట్టింది. నేను గిన్నె తీసుకొని వెనక వీధికి నడిచినాను.

అక్కడ మదురై మిల్లుల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళు, మన తెలుగు మాట్లాడేవాళ్ళే. మొదటి ఇంట్లో మేరి అక్క. సంగతి విని గుండెలు బాదుకుంది. "పారబోసినారా? మా అమ్మ క్రిస్మస్‌కు బాతును అందులోనే కదా ఊరబెడతాది!" తన నిమ్మకాయ ఊట వంచింది. పక్కింటికి పోయి మామిడి ఊట తెచ్చింది. "పొయ్యి కూడా ఇస్తా, ఆ ఇంట్లో వద్దు, ఇక్కడే చెయ్యి" అంది. మధ్యాహ్నందాకా నానబెట్టి, చిన్న ఉల్లిపాయలూ మిరియాలూ వేసి, నువ్వులనూనెలో మా అత్త అక్కడే వేయించింది. గిన్నెలకెత్తి విందింట్లో దించినాం, ఏ ఊటలో నానిందో ఎవరూ అడగలేదు.

సాయంత్రం విందు. నేను వడ్డిస్తున్నాను. పెద్దమనుషులు ఎముకలు కూడా వదల్లేదు. "ఎవరి చేతి వంటయ్యా ఇది?" అన్నాడొకాయన.

"మా ఇంటి వంట. మా ఆవిడ వంటవాడికి నేర్పింది" అన్నాడు పద్మ మామ, తొణక్కుండా.

ఒళ్ళు మండిపోయింది. "మేం తెచ్చింది మీ ఇంటి సాక్కడలో పోయింది మామా! ఇది వెనక వీధివాళ్ళు ఇచ్చిన ఊట, మా అత్త చేతి వంట. ఆమెకు ఇంకా ఆకు కూడా వెయ్యలేదు మీరు!"

అందరి చేతులూ ఆగిపోయినాయి. "మిల్లుకూలి నోరు" అంది వియ్యపురాలు. వాకిలి దగ్గర అత్త తల పట్టుకుంది. "నా కూతురు ఇక్కడ బతకాల కదే..."

అప్పుడు పద్మ వచ్చింది. బిడ్డను మామ ఒళ్ళో కూర్చోబెట్టింది. అదే వరసలో ఆకు వేసి నీళ్ళు చల్లింది. "అమ్మా, వచ్చి కూర్చో" అంది. తన అత్తగారి వైపు తిరిగి, "నేనూ మిల్లుకూలి బిడ్డనే అత్తా. మీరూ ఆ కూడే తిన్నారు" అంది. మామ కొంచెం జరిగి చోటిచ్చినాడు. తప్పయిందన్నాడా? లేదు. జరిగినాడు, అంతే. అదే పెద్ద దానమనుకున్నాడేమో!

మర్నాడు పొద్దున పద్మ బిడ్డతో స్టేషన్ దాకా వచ్చింది, ఎవరినీ అడగకుండా. మదురై పోండి, గోపురాలు చూడండి, మల్లెపూలు కొనుక్కోండి, వెనక వీధుల్లో మనవాళ్ళుంటే పలకరించండి, కడుపునిండా మాట్లాడతారు. అంగడి పెట్టిన చుట్టం పిలిచినాడు కదా అని మాత్రం గబగబా బయలుదేరకండి.

పొల్లాచ్చి దాటినాక మా అత్త నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"ఈసారి తిట్టాల్సి వస్తే తిన్నాక తిట్టు అమ్మిణీ. నీ ఆకులో ఒక్క ముక్క పడలేదు."

ఆమె కళ్ళు నవ్వుతున్నాయి. నాకు మాత్రం ఆ ముక్క పోయినందుకు కూడా కోపం వచ్చింది.