రెండో బ్రేకు

క్లినిక్‌లో కట్లు కట్టే గది ఆవిడది. పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ నర్సమ్మే. ఇరవై రెండేళ్లుగా కాలిన చేతులూ, తెగిన వేళ్లూ, మానని పుళ్లూ ఆవిడ బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి. ఆరడుగుల మగవాళ్లు కూడా ఆ గుమ్మం దగ్గర చెమటలు కక్కుతూ నిలబడేవాళ్లు. "కళ్లు మూసుకుని మీ ఇంట్లో కిటికీలెన్నో లెక్కపెట్టండి" అనేదావిడ. మూడో కిటికీకి వచ్చేసరికి పాత కట్టు ఊడి చేతిలోకి వచ్చేది.

అంత నిబ్బరమున్న మనిషి స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం బిగుసుకుపోయేది.

అలాగని నేర్పేవాళ్లు లేక కాదు. ఆవిడ మొగుడే డ్రైవింగ్ మాస్టారు. సందు మొదట్లో చిన్న గది, ఒక బల్ల, గోడ మీద ట్రాఫిక్ గుర్తుల పటం, బయట నెత్తిన బోర్డు పెట్టుకున్న తెల్లకారు, ఇదీ ఆయన స్కూలు. చుట్టుపక్కల వీధుల్లో కారు నడిపేవాళ్లలో సగంమంది ఆయన చేతికింద తయారైనవాళ్లే. ఆ కారులో నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఒక బ్రేకుంటుంది, పక్కన కూర్చున్న మాస్టారి కాళ్ల దగ్గర ఇంకోటి. మిగతావాళ్లతో ఆయన రోజంతా తిరిగినా రెండుసార్లు తొక్కితే గొప్ప. పెళ్లాం కూర్చుంటే మాత్రం ఆయన కాలు ఆ బ్రేకు మీంచి దిగేది కాదు. కుక్క కనపడితే బండి ఆగేది. కుక్క కనపడకపోయినా, ఎక్కడో ఉండే ఉంటుందన్న అనుమానంతో ఆగేది.

"నేను తొక్కబోతున్నాను కదండీ!"

"నువ్వు తొక్కేలోపు దాని ప్రాణం మీదికొచ్చేది."

ఇద్దరూ మూతులు ముడుచుకుని ఇంటికొచ్చేవాళ్లు. కొన్నాళ్లకి లెర్నింగ్ లైసెన్సు గడువు అయిపోయేది. మళ్లీ తీసుకునేది. అలా ఇప్పటికి నాలుగోది నడుస్తోంది.

ఈసారి మాత్రం ఆవిడకి గట్టి కారణమే దొరికింది. మంచం దిగలేని ముసలివాళ్లకి ఇళ్లకే వెళ్లి కట్లు మార్చే ఏర్పాటు చేస్తున్నారు క్లినిక్ డాక్టరమ్మ. అది నర్సమ్మ ఎన్నేళ్లుగానో అడుగుతున్న పని.

"నీకే ఇవ్వాలనుంది" అన్నారు డాక్టరమ్మ, "కానీ ఊరి చివరి ఇళ్లకి బస్సుల్లేవు. బండి నడిపే మనిషి కావాలి నాకు."

"నెల రోజులాగండి" అంది నర్సమ్మ. ఇంటికొచ్చి మొగుడికి చెబితే ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "చూద్దాంలే" అన్నాడు. ఆ ఇంట్లో చూద్దాంలే అంటే కుదరదని అర్థం.

సరిగ్గా అప్పుడే మాస్టారి దగ్గర ఒకప్పుడు నేర్చుకున్న ఒక రైతు ఫోన్ చేశాడు. ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో వాళ్లకి పొలముంది. తల్లి, తను, భార్య కలిసి చూసుకుంటున్నారు. విత్తనాల గదులు రెండు ఖాళీ అయితే బాగుచేసి, వారాంతాల్లో వచ్చేవాళ్లకి ఇస్తున్నారు. "అమ్మగారితో కలిసి రండి మాస్టారూ, రెండు రోజులుండి వెళ్లండి. ఎన్నేళ్ల నించి పిలుస్తున్నాను!" అన్నాడు. పెళ్లయ్యాక ఇద్దరే కలిసి ఎక్కడికైనా వెళ్లింది ఎప్పుడో ఆవిడకి గుర్తు రాలేదు. శనివారం పొద్దున్నే బయల్దేరారు. బండి మాస్టారే నడిపాడు.

గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది. సున్నం కొట్టిన గోడలు, రెండు మంచాలు, కిటికీకి దోమల వల. ఎంత కడిగినా పోని ధాన్యం వాసన. మాస్టారు వరండాలో మడత కుర్చీ వేసుకుని, కాళ్లు బారచాపి, "ఇదిగో, ఈ రెండు రోజులూ బండి మాటెత్తకు" అన్నాడు.

"కారు మాటెత్తనులెండి" అంది ఆవిడ.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఆవిడ పొలం వైపు నడిచింది. గట్టు దాటి ట్రాక్టరొకటి వస్తోంది. నడుపుతున్నది ఆ ఇంటి కోడలు. జుట్టు పైకి చుట్టి, కాళ్లకి రబ్బరు బూట్లు వేసుకుని, వెనకాల పచ్చగడ్డి ట్రక్కుతో చులాగ్గా మలుపు తిప్పి పశువుల కొట్టం ముందు ఆపింది. నర్సమ్మ కళ్లప్పగించి చూసింది.

"నీకెవరు నేర్పారమ్మా?"

"మా అత్తగారక్కా. మామగారు మంచాన పడ్డప్పుడు ఆవిడ నేర్చుకుంది. నేను కాపురానికొచ్చాక నాకు నేర్పింది."

"నాకు నేర్పుతావా?"

కోడలు ఆవిడని ఎగాదిగా చూసింది. "మీ మాస్టారుండగా నేనా?"

"ఆయనుండబట్టే ఇన్నేళ్లూ రాలేదు" అంది నర్సమ్మ.

కోడలు నవ్వేసింది. ట్రక్కు విప్పి పక్కన పెట్టి, కోత అయిపోయిన చేలోకి ట్రాక్టర్ తీసుకెళ్లి, ఇంజన్ ఆపి దిగింది. క్లచ్చేదో, బ్రేకేదో, గేర్లేవో రెండుసార్లు చెప్పింది. నర్సమ్మ ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడ కూర్చుంటావ్?"

"నేనెక్కడ కూర్చుంటానక్కా? ఉన్నది ఒకటే సీటు. గట్టు మీద నిలబడతాను. గోడ లేదు, గుంట లేదు, మనిషి లేడు. మీ ఇష్టమొచ్చినట్టు తిప్పండి."

మొదటిసారి క్లచ్ వదిలేసరికి ట్రాక్టర్ గుర్రంలా ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఆ క్లచ్ ఎంత గట్టిదంటే దాన్ని తొక్కడానికి ఆవిడ సీట్లోంచి సగం లేవాల్సొచ్చింది. ఏడోసారికి మెల్లగా కదిలింది. ఎవరూ ఆపలేదు. ఆ సంగతి ఆవిడకి అప్పుడు తట్టింది. ఈ బండి ఆగాలంటే తనే ఆపాలి. ముందుకి పోనిచ్చి, తనే ఆపింది. మళ్లీ పోనిచ్చింది. తొడలు లాగేస్తున్నా దిగలేదు.

అప్పటికి మాస్టారికి మెలకువ వచ్చింది. దూరంగా చేలో ట్రాక్టర్ గుండ్రంగా తిరుగుతుంటే మెచ్చుకోలుగా చూశాడు. మంచినీళ్ల కోసం ఇంటికొచ్చిన కోడలు ఆయన పక్క నించే వెళ్లింది.

"అదేంటమ్మా, నువ్విక్కడున్నావ్! మరి అక్కడ నడిపేదెవరు?"

"అక్కండీ."

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు మాస్టారు. కోసిన చేను మొదళ్లు కాళ్లకి గుచ్చుకుంటుంటే గెంతుతూ, "ఆపు! ఆపు!" అని అరిచాడు.

"ఆపడం వచ్చండీ!" అని అరిచింది ఆవిడ పైనించి. "ఇప్పుడే ఆపదలుచుకోలేదు!"

ఆయన చుట్టూ వెడల్పుగా ఒక చుట్టు తిప్పుకుని, అప్పుడు తెచ్చి ఆయనకి పది అడుగుల దూరంలో ఆపింది.

ఆదివారం పొద్దున్న గడ్డి ట్రక్కు తగిలించి కొట్టందాకా నడిపింది. రైతు తల్లి వాకిట్లో టమాటాలు ఏరుతూ, "అమ్మాయ్, మలుపులో తొందరపడకు" అని ఒక్క మాటంది. మాస్టారు అటు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాడు.

భోజనాలయ్యాక సంచులు సర్దుతూ ఆవిడ అంది, "తిరుగు ప్రయాణంలో బండి నేను నడుపుతాను."

"సరే, చూద్దాం..."

"చూడ్డాలు లేవు. ముందు మీ వైపు బ్రేకు విప్పెయ్యండి."

ఆయన నోరు వెళ్లబెట్టాడు. "మతుండే మాట్లాడుతున్నావా? అది స్కూలు బండి!"

"రేపు పొద్దున్నే మళ్లీ బిగించుకోండి. లైసెన్సున్నవాళ్లు పక్కనుంటే చాలని క్లాసులో మీరు చెప్పేదేగా?"

ఆయన మంచం మీద కూలబడ్డాడు. నేల చూస్తూ అన్నాడు, "ఊళ్లో ఎవరి పక్కన కూర్చున్నా నాకు భయం వెయ్యదే. నువ్వు కూర్చుంటే నా కాలు నా మాట వినదు. నీకేదన్నా అయితే..."

పాతికేళ్ల కాపురంలో ఈ మాట ఆయన నోట ఆవిడెప్పుడూ వినలేదు. చేతకానిదాన్నని ఆపుతున్నాడనే అనుకుంది ఇన్నాళ్లూ. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసింది. మనసు కరిగింది గానీ మాట మార్చుకోలేదు.

"అందుకేనండీ విప్పమంటున్నది. అది ఉన్నంతకాలం మీకు భయం పోదు, నాకు బండి రాదు."

రైతు పానాలు తెచ్చిచ్చాడు. తన బండి మీద ఇంకొకరి చెయ్యి పడటం మాస్టారికి ససేమిరా ఇష్టం లేదు. తనే వెల్లకిలా పడుకుని, గొణుక్కుంటూ, ఆ కడ్డీ విప్పి డిక్కీలో పడేశాడు.

నలభై కిలోమీటర్లకి రెండు గంటలు పట్టింది. మట్టిరోడ్డు దాటి తారురోడ్డెక్కగానే ఎదురుగా గొర్రెల మంద. ఆవిడ బ్రేకు తొక్కి, మంద దాటేదాకా ఆగి, మళ్లీ పోనిచ్చింది. వంతెన మీదికెక్కే ఎత్తులో మాత్రం బండి ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు. మాస్టారు సీటు బెల్టు రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏమిటండీ, చదువుకుంటున్నారా?"

"మన ఇంట్లో కిటికీలు లెక్కపెడుతున్నాను" అన్నాడు.

ఆవిడ పకాలున నవ్వింది. నవ్వుతూనే హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆన్ చేసి, క్లచ్ అందే చోటు చూసుకుని వదిలింది. బండి మళ్లీ ఆగింది. ఇంకోసారి ఇంజన్ ఆన్ చేసింది. మూడోసారికి బండి ఎత్తెక్కింది. మాస్టారు కళ్లు తెరిచి, "గేరు మార్చు" అన్నాడు, అందరికీ చెప్పే గొంతుతోనే. ఊరు చేరేదాకా ఇంకేమీ అనలేదు.

టెస్టు మొదటిసారి తప్పింది. బండి వెనక్కి తిప్పేటప్పుడు హద్దుకి పాతిన కర్రకి తగిలించింది. అప్పటికి నెల అయిపోవచ్చింది. డాక్టరమ్మ దగ్గరికెళ్లి ఇంకో పది రోజులు గడువు అడిగి తెచ్చుకుంది. మాస్టారు పొద్దున్నే మైదానంలో నాలుగు కర్రలు పాతి, రోజూ గంటసేపు ఆవిడ చేత వెనక్కి తిప్పించాడు. తను బయటే నిలబడ్డాడు. రెండోసారి పాసైంది.

కట్టు మార్చడానికి బండి నడుపుకుంటూ ఆవిడ వెళ్లిన మొదటి ఇల్లు ఒక ముసలి వడ్రంగిది. మడమ మీద పుండు, ఆరు నెలలుగా గడప దాటలేదు. నర్సమ్మ మందుల పెట్టెతో లోపలికెళ్లేసరికి ఆయన గోడ గడియారం వైపు చెయ్యి చూపించి, "పదింటికన్నారు. పదింపావయింది" అన్నాడు.

"మీ సందులో బండి తిప్పడానికి ఆ పావుగంట పట్టిందండీ. వచ్చేవారం ఐదు నిమిషాల్లో తిప్పేస్తాను" అని, ఆవిడ చేతులు కడుక్కోడానికి నీళ్లెక్కడని అడిగింది.